మన ఊరి బారులో ఇంపోర్టెడ్ డ్రాట్ బీరు: ఏది పెట్టాలో తేల్చుకోవడం ఎలా

"అన్నా, ఏ బ్రాండ్ పెట్టమంటవ్?" నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు బారును కొత్తగా తీర్చిదిద్దుకుంటున్నవాళ్లు ఎవరు కలిసినా ఇదే అడుగుతున్నారు. సోఫాలు మారాయి, లైట్లు మారాయి, మెనూ కార్డు బరువెక్కింది. ఇక కౌంటర్ మీద ఒక విదేశీ బీరు ట్యాపు మెరవాలి. కోరిక మంచిదే. కానీ బ్రాండ్ దగ్గర మొదలుపెడితే లెక్క తప్పుతుంది. బ్రాండ్ సంగతి చివర్న చూసుకోవచ్చు. కెగ్‌కు (డ్రాట్ బీరు నింపి వచ్చే పెద్ద పీపాకు) ట్యాపు తగిలించాక, రుచి పోయేలోపు అది మీ బారులో ఖాళీ అవుతుందా? ముందు తేలాల్సింది ఇది.

బాటిల్ అమ్ముడుపోకపోతే ఫ్రిజ్‌లో పడి ఉంటుంది. తెరిచిన కెగ్ అలా కాదు, లొట్టిలో కల్లు లాంటిది. పొద్దున దించిన కల్లుకూ మాపటి కల్లుకూ తేడా ఏంటో మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. కెగ్‌కు ఆ గడువు గంటల్లో కాకుండా రోజుల్లో ఉంటుంది, అంతే. కిందిదంతా ఆ గడువు చుట్టూ తిరిగే పనే.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- గడిచిన మూడు నెలల బీరు బిల్లులు. లైటు, స్ట్రాంగు, ఇంపోర్టెడ్ పింట్లు వేర్వేరుగా లెక్క తీయాలి.
- మీ 2బీ లైసెన్సు (బారు లైసెన్సు) కాపీ, బెవరేజెస్ కార్పొరేషన్ డిపోలో ఇప్పుడు దొరికే ఇంపోర్టెడ్ బీర్ల లిస్టు.
- కెగ్ పెట్టే చోటు కొలతలు, అక్కడికి వచ్చే కరెంటు లైను వివరం. జనరేటర్‌కు కలిసి ఉందో లేదో కూడా.
- బీరులో ముంచి చూసే థర్మామీటర్ ఒకటి. ఫ్రిజ్ డోరు మీద కనిపించే అంకెను నమ్మొద్దు.
- ఒకే రకం సాదా గ్లాసులు ఓ డజను, కాస్త ఉప్పు. ఉప్పు ఎందుకో చివర్లో తెలుస్తుంది.
- మొహమాటం లేకుండా "బాగాలేదు" అనగలిగే నలుగురు మనుషులు. వీళ్లు దొరకడమే కష్టం.

1. వారానికి ఎన్ని గ్లాసులు పోతాయో లెక్క వేయండి

ఇంపోర్టెడ్ కెగ్‌లు ఎక్కువగా 20, 30 లీటర్లవి వస్తాయి, 50 లీటర్లవీ ఉన్నాయి. 30 లీటర్ల కెగ్ నుంచి 330 మిల్లీ గ్లాసులు కాగితం మీద 90 వస్తాయి. నురగ కింద, పైపు కడిగినప్పుడు, అడుగున మిగిలినది కలిపి ఓ 8 శాతం పోతుందనుకోండి. చేతికొచ్చేది 27.6 లీటర్లు, అంటే 83 గ్లాసులు. అదే 20 లీటర్ల కెగ్ అయితే 55.

ఇప్పుడు తాగేవాళ్ల లెక్క. ఇక్కడే చాలామంది తమను తాము మోసం చేసుకుంటారు. "నెలకు ఇన్ని కేసుల బీరు పోతది, అందులో పదోవంతు దీనికి రాదా?" అంటారు. రాదు. మన దగ్గర పోయే బీరులో పెద్ద వాటా స్ట్రాంగే. స్ట్రాంగు తాగే మనిషి రెండింతలు డబ్బు పెట్టి 5 శాతం ఆల్కహాల్ ఉన్న బీరు తాగడు. ఒకసారి తాగినా రెండోసారి అడగడు. కాబట్టి ఇప్పటికే మీ దగ్గర ఇంపోర్టెడ్ పింటో, ఖరీదైన లైటు బీరో తాగుతున్నవాళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకోండి. వాళ్లలో సగం మంది డ్రాట్‌కు మారతారని వేసుకోవడం నా పద్ధతి. అంతకంటే ఆశపడితే దెబ్బ తినాల్సి వస్తుంది.

మాటకు, అలాంటి పింట్లు మీకు వారానికి 60 పోతున్నాయనుకుందాం. డ్రాట్‌కు వచ్చేవి 30. ఈ లెక్కన 30 లీటర్ల కెగ్ ఖాళీ కావడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది, 20 లీటర్లది రెండు వారాల్లోపే అయిపోతుంది. తెరిచిన కెగ్‌ను రెండు వారాల్లో ముగించాలన్నది నేను పెట్టుకున్న హద్దు. చల్లదనం, గ్యాసు సరిగ్గా ఉంటే బీరు ఇంకొన్నాళ్లు నిలబడుతుంది, నిజమే. కానీ మన ఊళ్లలో కరెంటు పోకడ తెలిసిందే కదా, ఆ పొడిగింపు మీద వ్యాపారం పెట్టుకోవద్దు.

లెక్కకు క్యాలెండర్ కూడా ముందు పెట్టుకోండి. శ్రావణంలో, కార్తీకంలో అమ్మకం పడిపోతుంది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు సంక్రాంతి దాకా మీ గుమ్మం తొక్కరు. దసరాకూ, డిసెంబర్ 31కీ చెప్పేదేముంది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 డ్రై డేలు. ఎన్నికలొస్తే పోలింగు ముగిసే సమయానికి ముందు 48 గంటలు బంద్. వీటికి ముందు రోజు కొత్త కెగ్ తెరవకండి.

వారానికి 28 గ్లాసులు కూడా తేలకపోతే? డ్రాట్ ఆలోచన పక్కన పెట్టి, అదే బీరు బాటిళ్లలో ఉంచండి. మంచి గ్లాసు, సరైన చల్లదనం ఇస్తే బాటిల్ బీరుకూ గౌరవం ఉంటుంది. చిన్నతనమేమీ కాదు.

2. కెగ్ మీ డిపో నుంచి వస్తుందో రాదో కనుక్కోండి

తెలంగాణలో బారు సరుకు బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచే రావాలి. ఇంపోర్టెడ్ బీరైనా సరే దారి అదే. బ్రాండ్ రాష్ట్రంలో రిజిస్టర్ అయి ఉండాలి, డిపో లిస్టులో ఉండాలి. బాటిల్ దొరుకుతోంది కాబట్టి కెగ్ కూడా దొరుకుతుందని అనుకోవద్దు. ఆ బ్రాండ్‌లో కెగ్ ఉందా, ఏ సైజు, ఇండెంట్ (ఆర్డరు) పెట్టాక ఎన్ని రోజులకు వస్తుంది, నెలనెలా వస్తుందా లేక ఒక్క లోడుతో ఆగిపోతుందా? ఈ నాలుగూ అడగండి. మీ లైసెన్సు మీద డ్రాట్ అమ్మకానికి ప్రత్యేకంగా ఏమైనా రాయించుకోవాలేమో ఎక్సైజ్ స్టేషన్‌లోనే అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

హెచ్చరిక: గద్వాల, నారాయణపేట వైపు వాళ్లకు "రాయచూరు నుంచి తెప్పిస్తా" అనేవాళ్లు తగులుతుంటారు. గోవా నుంచి తెస్తామనేవాళ్లూ ఉన్నారు. అది నాన్ డ్యూటీ పెయిడ్ లిక్కర్, అంటే మన రాష్ట్రానికి పన్ను కట్టని మద్యం. దొరికితే కేసు, సరుకు సీజు, లైసెన్సుకే ఎసరు. ఎంత చవకైనా ఆ జోలికి వెళ్లకండి.

3. పేరు విదేశీదా, బీరు విదేశీదా చూడండి

కార్ల్స్‌బర్గ్, బడ్‌వైజర్, హైనెకెన్, ట్యూబర్గ్ పేర్లు విదేశీవే. మన దగ్గర దొరికేది మాత్రం ఇండియాలో కాచినదే. మన సంగారెడ్డి జిల్లాలోనే పెద్ద పెద్ద బ్రూవరీలున్నాయి. అందులో తప్పేమీ లేదు. ఇంకో మాట చెప్పాలంటే, దగ్గర్లో కాచిన బీరు తాజాగా దొరుకుతుంది కూడా. కాకపోతే దాన్ని మెనూలో "ఇంపోర్టెడ్" అని రాసి అమ్మితే, హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో హైవే మీద వచ్చే కస్టమర్ లేబుల్ తిప్పి చూపించి పరువు తీస్తాడు.

లేబుల్ మీద తయారైన దేశం, దిగుమతిదారు పేరు, ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉండాలి. కెగ్ మీద అంటించిన కాగితం చిరిగి ఉంటే, "మొన్నటి లోడులో కూడా ఇంతే సార్" అన్నా తీసుకోకండి.

బడ్జెట్ చూసి గుండె ఆగేవాళ్లకు ప్రత్యామ్నాయం ఇదే: ఇండియాలో కాచిన విదేశీ బ్రాండ్ కెగ్ తీసుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్ముకోండి.

4. తేదీ చూడండి, తర్వాతే ధర అడగండి

విదేశీ బీరు ఓడలో వారాల తరబడి వస్తుంది. రేవులో ఆగుతుంది, గోడౌన్‌లో ఆగుతుంది, డిపోలో ఆగుతుంది. దేశంలోకి వచ్చేటప్పుడు ఆహార పదార్థానికి గడువులో 60 శాతమో, లేదా మూడు నెలలో, రెండింట్లో ఏది తక్కువైతే అది మిగిలి ఉండాలన్నది ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. అంటే మూడు నెలల గడువు మాత్రమే మిగిలిన బీరు కూడా నిబంధన ప్రకారమే రేవు దాటొచ్చు. అక్కడి నుంచి నల్గొండ చేరేసరికి ఎంత మిగులుతుందో మీరే ఆలోచించండి.

మీ చేతికొచ్చే రోజుకు గడువు కనీసం మూడు నెలలు మిగిలి ఉంటేనే తీసుకోండి. "గడువు దగ్గర పడింది, సగం ధరకిస్తా" అనే మాట వినపడితే, ఆ కెగ్ ఎన్ని రోజుల్లో ఖాళీ అవుతుందో మొదటి మెట్టు లెక్క ఇంకోసారి వేసుకోండి. ఒక్క శనివారం పెళ్లి పార్టీలో మొత్తం పోతుందంటే సరే. లేదంటే వద్దు.

రవాణా కూడా తేదీలో భాగమే. ఏప్రిల్, మే నెలల్లో నల్గొండలో 44 డిగ్రీలు మామూలు. మిట్టమధ్యాహ్నం ట్రాలీ ఆటోలో టాపు లేకుండా వచ్చిన కెగ్‌కు లేబుల్ మీది గడువు వర్తించదు. పొద్దున్నే దించుకోండి, దారిలో కప్పి తీసుకురండి, వచ్చిన వెంటనే కూలర్‌లోకి చేర్చండి. ఒక రోజంతా కదిలించకుండా వదిలేశాకే ట్యాపు తగిలించాలి. వేడిగా ఉన్న కెగ్‌కు ట్యాపు తిప్పితే నురగ తప్ప ఏమీ రాదు.

5. మీ టేబుల్ మీద ఉండే తిండికి తగ్గ రకం ఎంచుకోండి

బ్రాండ్లు వందలున్నా, మనకు పనికొచ్చే రకాలు నాలుగే.

పిల్స్‌నర్, లాగర్: బంగారు రంగు, తేట, కొస చేదు. చెక్ దేశంలో ప్ల్జెన్ ఊళ్లో 1842లో పుట్టిన పిల్స్‌నర్ ఉర్కెల్ ఈ వంశానికి పెద్ద దిక్కు, 4.4 శాతం ఆల్కహాల్. నాటుకోడి వేపుడు, చికెన్ 65, అపోలో ఫిష్, బోటి ఫ్రై, ఇలా నూనె, కారం ఉన్న ఏ తిండికైనా ఇది సరిపోతుంది. మొదటిసారి డ్రాట్ పెట్టేవాళ్లు ఇక్కడే మొదలుపెట్టండి.

జర్మన్ గోధుమ బీరు: మసకగా ఉంటుంది, అరటిపండు, లవంగం వాసన వస్తుంది. అందులో అవేవీ వేయరు, ఈస్ట్ నుంచే వస్తాయి. ఆల్కహాల్ 5 నుంచి 5.5 మధ్య. చేదు తక్కువ కాబట్టి "బీరు నాకు పడదు" అనేవాళ్లు కూడా దీనికి ఒప్పుకుంటారు. ఒక చిక్కుంది. మన నిబంధనల్లో 5 శాతం దాటితే స్ట్రాంగ్ బీరు కిందికే వస్తుంది. లేబుల్ మీద ఆ మాట చూసి కిక్కు కోసం అడిగినవాడు గ్లాసు అయ్యాక తిడతాడు. వెయిటర్‌కు ముందే చెప్పి ఉంచండి.

బెల్జియన్ వైట్: ఇదీ గోధుమదే. ధనియాలు, నారింజ తొక్క వేసి కాస్తారు. ధనియాల వాసన మన ముక్కుకు అలవాటే కాబట్టి, రుచి చూపించినప్పుడు జనం ఎక్కువగా తల ఊపేది దీనికే. ఎండాకాలం బాగా నడుస్తుంది.

స్టౌట్: నల్లటిది, కాఫీ గింజ మాడిన రుచి. గిన్నిస్ లాంటిదానికి ఉత్త కార్బన్ డయాక్సైడ్ సరిపోదు. నైట్రోజన్ ముప్పావు వంతు దాకా కలిపిన గ్యాసు, దానికి వేరే ట్యాపు కావాలి. జిల్లా కేంద్రంలో ఆ గ్యాసు ఎప్పుడు దొరుకుతుందో, ఎప్పుడు దొరకదో తెలియదు. చూడ్డానికి అదిరిపోతుందని మోజు పడొద్దు. రెండో ఏడాది చూద్దాం.

బాగా చేదైన ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) అనే రకం సంగతి అడుగుతుంటారు. హైదరాబాద్‌లో నడుస్తుంది. మన దగ్గర కారం తిన్న నోటికి ఆ చేదు మంటను ఇంకా ఎగదోస్తుంది. నేనైతే పెట్టను.

6. పేరు దాచి రుచి చూపించండి

రెండు, మూడు రకాలు తేలాక అవే బీర్లు బాటిళ్లలో తెప్పించండి. కెగ్ రుచికి ఇది అచ్చంగా సమానం కాదు, అయినా రకం తేల్చడానికి చాలు. బాటిళ్లన్నీ ఒకే చల్లదనంలో ఉండాలి, 4, 5 డిగ్రీల దగ్గర. వేరే గదిలో పోసి, గ్లాసు అడుగున చీటీ అంటించి తీసుకురండి. పోసిన మనిషి టేబుల్ దగ్గర నిలబడకూడదు. నిలబడితే మొహం చూసి కనిపెట్టేస్తారు.

ఇద్దరు స్టాఫ్, నలుగురు కస్టమర్లు చాలు. 21 ఏళ్లు నిండనివాళ్లు టేబుల్ దగ్గరికే రాకూడదు, స్టాఫ్ అయినా సరే. మొదట ఉత్తిగా రెండు గుక్కలు, తర్వాత మీ కిచెన్‌లో బాగా పోయే రెండు స్టార్టర్లతో ఇంకో రెండు గుక్కలు. నచ్చిందా అని అడక్కండి, మర్యాదకు అందరూ బాగుందనే అంటారు. "ఇంకో గ్లాసు తాగుతవా? ఎంతైతే కొంటవ్?" అని అడగండి. మొదటి గ్లాసు మెచ్చుకుని రెండోది వద్దనే బీరు డ్రాట్‌కు పనికిరాదు.

ఇంకో పరీక్ష కూడా పెట్టండి. ఇద్దరు రెండు బీర్ల మధ్య తేడా ఉందని పట్టుబడితే, మూడు గ్లాసులు తీసుకుని రెండింట్లో ఒకటే బీరు, మూడో దాంట్లో వేరేది పోసి, వేరేది ఏదో చెప్పమనండి. పదిసార్లు అడిగితే సగం కూడా చెప్పలేకపోతే ఆ రెండింట్లో చవకైనది తీసుకోండి. మీ కస్టమర్‌కూ అంతే తెలుస్తుంది.

రుచి చూసేటప్పుడు ఈ చెడ్డ గుర్తులు పట్టుకోండి: తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బీరు ముసలిదైందని అర్థం. వెన్న, పాప్‌కార్న్ వాసన లాగర్‌లో ఉండకూడదు. పచ్చ సీసా బీరులో ఘాటైన కంపు వస్తే అది వెలుతురు తగిలిన దోషం. కెగ్‌లోకి వెలుతురు వెళ్లదు కాబట్టి దాన్ని రకం మీద నేరంగా లెక్కెయ్యకండి.

7. మీ సామాను ఆ కెగ్‌కు సరిపోతుందా?

కెగ్ నోటికి తగిలించే కప్లర్ అన్నింటికీ ఒకటి కాదు. యూరప్ కెగ్‌లకు ఎక్కువగా ఎస్ రకం, కొన్ని జర్మన్ బీర్లకు ఏ రకం, గిన్నిస్‌కు యూ రకం. వాపస్ పంపనక్కర్లేని ప్లాస్టిక్ కెగ్‌లు కూడా వస్తున్నాయి, వాటిలో కీకెగ్‌కు దాని కప్లర్ దానిదే. డబ్బు కట్టకముందే కెగ్ నోటి ఫొటో తెప్పించుకుని, మీ ట్యాపు బిగించిన మెకానిక్‌కు పంపండి. స్టీల్ కెగ్ అయితే ఖాళీది ఎవరు తీసుకెళ్తారు, డిపాజిట్ ఎంత, అదీ రాయించుకోండి. బారు వెనకాల తుప్పు పడుతూ కూర్చున్న ఖాళీ కెగ్‌లు చాలా చోట్ల కనిపిస్తాయి.

చల్లదనం: కెగ్ మొత్తం 3, 4 డిగ్రీల్లో ఉండే కూలర్ కావాలి. కెగ్‌ను మామూలు గదిలో పెట్టి, పైపును మాత్రం చల్లబరిచే మెషీన్లు చవకగా దొరుకుతాయి. రోజుకో కెగ్ లేచే చోట అవి నడుస్తాయి. రెండు వారాలు నిలిచే ఇంపోర్టెడ్ కెగ్‌కు మాత్రం వద్దు. గ్లాసు చల్లగానే వస్తుంది, కెగ్ లోపల బీరు ముసలిదవుతూ ఉంటుంది. కూలర్ లైను జనరేటర్‌కు కలపండి, స్టెబిలైజర్ పెట్టండి.

గ్యాసు: ఫుడ్ గ్రేడ్ కార్బన్ డయాక్సైడే వాడాలి. వెల్డింగ్ షాపులో నింపే సిలిండర్ తెచ్చి పెట్టేవాళ్లున్నారు, ఆ పని చేయొద్దు. లాగర్‌కు 3 డిగ్రీల దగ్గర 10 నుంచి 12 పీఎస్ఐ (గ్యాసు ఒత్తిడి కొలత), గోధుమ బీరుకు ఇంకాస్త ఎక్కువ, 16 నుంచి 18. ఒకే రెగ్యులేటర్ మీద రెండు రకాలు నడపాలని చూస్తే ఒకటి చప్పబడుతుంది, లేదా ఇంకోటి నురగలు కక్కుతుంది.

హెచ్చరిక: కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువు, వాసన ఉండదు. మూసిన కోల్డ్ రూములో లీకైతే మనిషి స్పృహ తప్పి ప్రాణం పోవచ్చు. సిలిండర్‌ను నిలబెట్టి గొలుసుతో కట్టండి, గాలి ఆడే ఏర్పాటు ఉంచండి, గ్యాసు అలారం ఒకటి పెట్టించండి. లోపల తల తిరిగినట్టనిపిస్తే వెంటనే బయటికి రావాలని కుర్రాళ్లకు చెప్పండి. లోపల ఎవరైనా పడిపోతే లాగడానికి ఇంకొకడు ఒంటరిగా దూకకూడదని కూడా.

8. ధర

బీరు మీద కస్టమ్స్ సుంకం, దాని మీది సర్‌చార్జీ కలిపితే 110 శాతం దాకా పడుతూ వచ్చింది. ఆపైన రాష్ట్రం పన్నులు. అందుకే కెగ్ ధర వినగానే కళ్లు తిరుగుతాయి. ఉదాహరణకు 30 లీటర్ల కెగ్ మీకు 18,000 రూపాయలు పడిందనుకోండి, ఇది కేవలం లెక్క కోసం. 83 గ్లాసులూ అమ్మితే గ్లాసు 217. పాడై 60 గ్లాసులకే ఆగిపోతే 300. ఇంకా గ్యాసు, కరెంటు, కడిగే మందు కలపలేదు. సరుకు ఖర్చు అమ్మకం ధరలో 40 శాతం దాటకూడదనుకుంటే గ్లాసు 550 దగ్గర పెట్టాలి. మీ ఊళ్లో ఆ ధర నోటికి రాకపోతే బీరు మార్చండి. గ్లాసులో ఎక్కువ నురగ పోసి సర్దుబాటు చేయకండి.

గీత ఉన్న గ్లాసులు కొనండి. బీరు గీత దాకా, నురగ గీత పైన రెండు వేళ్లు. కొలత మీద గొడవే ఉండదు.

9. ఒక్క ట్యాపుతో ఒక నెల నడిపి చూడండి

మూడు ట్యాపుల టవర్ చూడ్డానికి బాగుంటుంది. మూడు కెగ్‌లు ఒకేసారి తెరిచి ఉంచడం మాత్రం ఖరీదైన సరదా. ఒకటి విదేశీది, రెండో ట్యాపు కావాలంటే ఇక్కడ కాచినది పెట్టండి.

కౌంటర్ దగ్గర ఒక నోటుబుక్కులో కెగ్ తెరిచిన తేదీ, రోజూ అమ్మిన గ్లాసులు, పారబోసినవి, పొద్దున తెరిచేటప్పుడు బీరు ఎన్ని డిగ్రీలు, ఎవరు ఏమన్నారు, ఇవి రాయించండి. "చప్పగుంది", "కూలింగ్ లేదు", "కిక్కు లేదు", ఏ మాటైతే ఆ మాటే రాయాలి. కూలింగ్ లేదన్నది మీ కూలర్ మీద ఫిర్యాదు, చప్పగా ఉందన్నది గ్యాసు మీద. కిక్కు లేదన్నప్పుడు మాత్రమే అది బీరు ఎంపిక సంగతి.

రాత్రంతా పైపులో నిలిచిన బీరును పొద్దున మొదటి గ్లాసుగా కస్టమర్‌కు పోయకండి. పారబోసి నోటుబుక్కులో రాయండి. రెండు వారాలకోసారి పైపు కడగాల్సిందే. 2 శాతం కాస్టిక్ ద్రావణం పదిహేను నిమిషాలు తిప్పి, తర్వాత మంచినీళ్లతో బాగా కడగాలి. వచ్చే నీళ్లు మామూలు నీళ్లలాగే ఉన్నాయని పీహెచ్ పట్టీతో (కాస్టిక్ మిగిలిందో లేదో రంగుతో చూపే కాగితం) చూశాకే బీరు పట్టాలి. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ఆ పని ఎవరితోనూ చేయించవద్దు. ట్యాపు కూడా విప్పి కడగాలి. పులిసిన వాసన మొదట పట్టేది ట్యాపు ముక్కులోనే.

10. గ్లాసు చూసి ఫలితం తేల్చండి

బీరు మంచిదే, కెగ్ తాజాదే, చల్లదనం ఉంది, అయినా నురగ నిలవడం లేదని ఫోన్లు వస్తుంటాయి. పదింటికి ఏడు చోట్ల దోషం గ్లాసుదే అవుతుంది. మన నల్గొండ బోరు నీళ్ల సంగతి లోకానికంతా తెలుసు. ఫ్లోరైడ్‌కు ఇక్కడ పనిలేదు, గట్టిదనమే సమస్య. ఆ నీళ్లతో కడిగి ఆరబెట్టిన గ్లాసు లోపల తెల్లటి పొర పేరుకుంటుంది. దాని మీద బుడగలు అతుక్కుంటాయి. చికెన్ ఫ్రై ప్లేట్లు కడిగిన స్పాంజితోనే గ్లాసు కూడా తోమితే నూనె అంటి నురగ క్షణంలో చచ్చిపోతుంది.

ఉప్పు పరీక్ష: గ్లాసు లోపల నీళ్లతో తడిపి వంపేసి ఉప్పు చల్లండి. ఉప్పు లోపలంతా సమంగా అంటితే గ్లాసు శుభ్రం. ఎక్కడ జారిపోయిందో అక్కడ నూనె ఉన్నట్టు.

బీరు పరీక్ష: పోసిన గ్లాసు పక్కల బుడగలు అంటుకుని కనిపిస్తే గ్లాసు మురికి. తాగుతున్న కొద్దీ గుక్కగుక్కకూ ఒక నురగ గీత గ్లాసుకు అంటుకుంటూ దిగితే అంతా బాగున్నట్టే. వెయిటర్ ఖాళీ గ్లాసులు తెచ్చినప్పుడు ఆ గీతలున్నాయో లేవో చూడమని చెప్పండి. ఇంతకంటే చవకైన తనిఖీ లేదు.

బీరు గ్లాసులకు వేరే తొట్టి, వేరే స్పాంజి, కడిగాక ఆఖరున ఆర్వో నీళ్లు. బట్టతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వండి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టి మంచు కట్టించిన గ్లాసు ఫొటోకు బాగుంటుంది కానీ, దానిలో పోస్తే నురగ ఎక్కువవుతుంది, నోరు మొద్దుబారి మీరు డబ్బు పెట్టి కొన్న రుచి తెలియదు. చల్లటి నీళ్లతో తడిపి వాడితే చాలు.

నెలాఖరున నోటుబుక్కు తీయండి. కెగ్‌లు రెండు వారాల్లోపు ఖాళీ అవుతున్నాయా, పారబోసేది పదో వంతులోపే ఉందా, రెండో గ్లాసు అడిగినవాళ్లున్నారా? మూడింటికీ అవునంటే అదే బీరు కొనసాగించండి, పెద్ద సైజు కెగ్ గురించి డిపోలో అడగండి. ఖాళీ అవుతోంది కానీ పారబోత ఎక్కువగా ఉంటే బీరు మార్చకుండా కూలర్, గ్యాసు, గ్లాసు చూసుకోండి. పారబోత తక్కువే, రెండో గ్లాసు మాత్రం ఎవరూ అడగడం లేదంటే రకం మార్చాలి. పిల్స్‌నర్ నడవకపోతే బెల్జియన్ వైట్‌కు వెళ్లండి, మళ్లీ 20 లీటర్ల కెగ్‌తోనే. కొత్త ఇండెంట్ పెట్టేముందు పాత ఖాళీ కెగ్ వాపస్ రసీదు ఫైల్లో ఉందో లేదో చూసుకోండి.